గ్రూపులో పాడేవాళ్లకు: ముందు రెండో గొంతును కుదుర్చుకోండి

విజయనగరంలో నలుగురైదుగురు కాలేజీ పిల్లలు కలిసి పాప్ గ్రూపు పెట్టుకుంటే మొదటి రోజే వచ్చే గొడవ ఒకటుంది: మెయిన్ ఎవరు పాడాలి? నా దగ్గరికి వచ్చే గ్రూపులకు నేను చెప్పేది ఒకటే. మెయిన్ సంగతి తర్వాత చూద్దాం, ముందు రెండో గొంతు ఎవరిదో తేల్చండి. మెయిన్ పాడేవాళ్లు మన ఊళ్లో వీధికొకరు దొరుకుతారు. పక్కన వేరే స్వరం మోగుతున్నా తన స్వరం వదలకుండా, అదే సమయంలో మెయిన్‌ని కప్పెయ్యకుండా పాడే మనిషి దొరకడం కష్టం. ఆ మనిషి కుదిరితే మెయిన్ ఎవరు పాడినా పాట నిలబడుతుంది. కుదరకపోతే ఎంత గొప్ప మెయిన్ ఉన్నా వెనకాల గోలగానే ఉంటుంది.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. మనది ఒక్క గొంతును పెంచి పోషించిన ఊరు. 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల, దానికి తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, వయొలిన్‌తో ద్వారం వెంకటస్వామినాయుడు గారు, అక్కడే చదువుకున్న ఘంటసాల గారు, ఈ ఊళ్లో పుట్టి ఇక్కడే నేర్చుకున్న సుశీలమ్మ. నేనూ ఆ కళాశాలలోనే గాత్రం డిప్లొమా చేశాను. ఆ చదువులో పాడేది ఒక్కరు, మిగతావన్నీ ఆ గొంతును అనుసరించేవి. పదిమంది కలిసి కృతి పాడినా పదిమందిదీ అదే స్వరం. ఒకరు షడ్జమం (స) పట్టుకుంటే అదే క్షణంలో పక్కవాళ్లు గాంధారం (గ) పాడటం మన పాఠంలో లేదు. హార్మొనీ అనే ఆ పద్ధతి చర్చి క్వయర్లలో, అంటే అక్కడి బృందగానాల్లో, ఉంది. డిప్లొమా అయ్యాక పెళ్లి ఆర్కెస్ట్రాల్లో కోరస్ పాడిన రోజుల్లో ఈ విద్య నాకు అబ్బింది క్వయర్లో ఆల్టో (ఆడవాళ్ల కింది గొంతు) పాడి వచ్చిన అమ్మాయిల పక్కన నిలబడ్డం వల్లే.

పాత్రలు పంచుకోవడం మాత్రం మనకు కొత్తేం కాదు. బుర్రకథలో మధ్యన కథకుడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు, ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. జముకు వాయిస్తూ చెప్పే మన జముకుల కథ కూడా వంత లేనిదే నడవదు. వంత పాడేవాడు ఒక్కచోట తాళం తప్పితే కథకుడు ఎంత మొనగాడైనా ఆగిపోవాల్సిందే. పాప్ గ్రూపులో రెండో గొంతుకు అంత బరువూ ఉంది, పైగా వేరే స్వరం మోయాలి.

గొంతులు కొలవడం

పాట ఎంచుకోకముందే ఎవరి గొంతు ఎక్కడినుంచి ఎక్కడిదాకా వెళ్తుందో కాగితం మీద రాసుకోండి. కీబోర్డు ఉంటే మంచిది, లేకపోతే ఫోన్‌లో కీబోర్డు యాప్ చాలు. ఒక్కొక్కరూ మామూలుగా మాట్లాడే ఎత్తులో 'ఆ' అని మొదలుపెట్టి మెట్టుమెట్టుగా కిందికి దిగాలి. గాలి తప్ప నాదం లేని చోట ఆగి, దానికి రెండు మెట్లు పైన గీత గీయండి. అదే పనికొచ్చే అడుగు. పైకి వెళ్లేటప్పుడు కూడా అంతే: అరిస్తే అందే స్వరాన్ని లెక్కలోకి తీసుకోకండి, నెమ్మదిగా పాడినా అందే స్వరాన్నే రాసుకోండి. దాంతోపాటు మరో గీత కూడా కావాలి, గొంతు మారే చోటు. ఛాతీ గొంతు నుంచి సన్న గొంతులోకి జారే ఆ ఒకటి రెండు స్వరాల దగ్గర ఎవరికైనా నాదం వణుకుతుంది. మెయిన్ పాడేవాళ్లు ఆ చోటును దాటుకుంటూ వెళ్లిపోతారు. హార్మొనీ పాడేవాళ్లు అదే స్వరం మీద నాలుగు అక్షరకాలాలు (తాళంలో నాలుగు లెక్కలు) నిలబడాల్సి వస్తుంది, కాబట్టి వాళ్ల లైన్ ఆ చోట కూర్చోకుండా చూసుకోవాలి.

ఇప్పుడు శ్రుతి, అంటే 'స' ఏ ఎత్తులో పెట్టుకోవాలన్నది. దాన్ని కీబోర్డు మీటల లెక్కతో ఒకటి (సి), రెండు (డి) అని చెప్తాం. మన అమ్మాయిలు మామూలుగా ఐదు, ఐదున్నర, ఆరులో పాడతారు, అబ్బాయిలు ఒకటి, ఒకటిన్నర, రెండులో. ఇద్దరూ ఒకే గ్రూపులో ఉన్నప్పుడు మధ్యలో ఎక్కడో కుదుర్చుకుందామని మూడు పెడితే ఇద్దరికీ హాయి ఉండదు. అమ్మాయి మెయిన్ అయితే ఐదు పెట్టండి, అంటే కీబోర్డు మీద జి. ఆ శ్రుతిలో కింది హార్మొనీ లైన్ సాధారణంగా మంద్ర పంచమం (కింది స్థాయి ప) నుంచి మధ్య స్థాయి గాంధారం దాకా తిరుగుతుంది. ఒకటో శ్రుతిలో పాడే అబ్బాయికి అది తన మధ్య స్థాయిలో రిషభం (రి) నుంచి నిషాదం (ని) దాకా వచ్చే చోటు. ప్రయాస లేకుండా గొంతు నిండుగా పలికే జాగా. అబ్బాయి మెయిన్ అయితే లెక్క తిరగేసి మళ్లీ చూసుకోవాలి. అప్పుడు పై లైన్ అమ్మాయికి ఇస్తే హాయిగా అందుతుంది.

ఎవరు ఏం పాడాలి

పిల్లలంతా కొరియా గ్రూపులు చూస్తారు కాబట్టి అక్కడి పేర్లతోనే అడుగుతారు: మెయిన్ వోకలిస్ట్, లీడ్ వోకలిస్ట్, సబ్ వోకలిస్ట్, రాపర్. అక్కడ మెయిన్ అంటే కష్టమైన ఎత్తులు, ఆలాపనలు మోసేవారు, లీడ్ అంటే వారి తర్వాత ఎక్కువ పాడేవారు, సబ్ అంటే చిన్న లైన్లు, ఆసరా. 2013లో వచ్చిన బీటీఎస్‌లో ఏడుగురుంటే ఆర్ఎమ్, షుగా, జె-హోప్ ముగ్గురూ రాప్ వైపు, జిన్, జిమిన్, వి, జంగ్‌కుక్ నలుగురూ పాట వైపు. ఆ పంపకం ఒక సంస్థ ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చి చేసింది. అయిదుగురు స్నేహితులు కలిసి పెట్టుకున్న గ్రూపుకు ఆ పేర్లు అతికిస్తే 'సబ్' అని పేరు పడినవాళ్లు మొదటి వారంలోనే మనసు కష్టపెట్టుకుంటారు. నేను ఆ పేర్లు వాడను. మెయిన్, పై గొంతు, కింది గొంతు, బేస్ (అన్నిటికన్నా అడుగు గొంతు), తాళం అంటాను. మనిషి ఎక్కువా తక్కువా అనే ఊసు లేకుండా ఏ జాగాలో పాడాలో చెప్పే పేర్లు ఇవి.

మెయిన్ పని: సాహిత్యం స్పష్టంగా చెప్పడం, బాణీని మోయడం. గమకం (స్వరాన్ని ఊపడం), సంగతి (ఒకే లైన్‌ను మార్చి మార్చి పాడటం), చివర్లో చిన్న ఆలాపన, అన్నీ ఇక్కడే.

పై గొంతు మెయిన్‌కి పైన పాడుతుంది కాబట్టి చెవికి ముందు అదే తగులుతుంది. అందుకే మెత్తని గొంతున్నవారికి ఇవ్వండి. గట్టి గొంతున్నవారు పైన పాడితే వినేవాళ్లు దాన్నే అసలు బాణీ అనుకుంటారు. కింది గొంతు బయటికి పెద్దగా వినిపించదు, కానీ తీసేస్తే పాట ఒక్కసారి పలచబడిపోతుంది. నేను రెండో గొంతు అంటున్నది ముఖ్యంగా దీన్నే.

బేస్ గొంతుకు కుర్రాళ్లు అరుదుగా దొరుకుతారు, పద్దెనిమిదేళ్లకు గొంతు ఇంకా పూర్తిగా దిగదు. దొరక్కపోతే బేస్ గిటారుకు వదిలెయ్యండి, నొక్కి పట్టి పాడించకండి. తాళం అంటే నోటితో బీట్ వేసేవారు, రాప్ చెప్పేవారు. వాయిద్యాలే లేకుండా పాడే పెంటాటోనిక్స్ గ్రూపును గమనించండి, అయిదుగురిలో ఒకరు పూర్తిగా బేస్‌కు, ఒకరు పూర్తిగా బీట్‌కు. మిగిలిన ముగ్గురే మెయిన్, హార్మొనీ మార్చుకుంటూ పాడతారు. అయిదుగురిలో ఇద్దరిని పునాదికి పెట్టడం చూస్తే ఆ పని విలువ తెలుస్తుంది.

ఈ జాగాలు పాటపాటకీ మారాలి. బీజీస్ అనే పాప్ గ్రూపులో అన్నదమ్ములు ముగ్గురు. మొదట్లో రాబిన్, బ్యారీ ఇద్దరూ మెయిన్ పాడేవారు, 1970ల మధ్యకొచ్చేసరికి బ్యారీ సన్న గొంతు ముందుకొచ్చింది, మారిస్ చాలావరకు హార్మొనీ పట్టుకుని ఉన్నాడు. ఆ ముగ్గురి గొంతులూ అంతగా కలిసిపోవడానికి ఒక కారణం, ఒకే ఇంట్లో పెరిగి అచ్చులు ఒకేలా పలకడం. ఈ అచ్చుల సంగతి కిందకి వెళ్లాక మళ్లీ చెప్తాను, మనకు చాలా అవసరం.

హార్మొనీ కట్టడం

శంకరాభరణం రాగంతో మొదలుపెట్టండి. పాశ్చాత్యుల మేజర్ స్కేలు స్వరాలే అందులో ఉన్నాయి. ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చిన నొట్టుస్వరాలు కూడా శంకరాభరణంలోనివే, గమకాలు లేకుండా తిన్నగా పాడతారు కాబట్టి మొదటి సాధనకు వాటికి మించినవి లేవు.

తంబురా యాప్ పెట్టి ఒకరు 'స' పట్టుకోండి. రెండోవారు 'ప' కలపండి. ఇది ఎవరికైనా తేలిగ్గా కుదురుతుంది. ఇప్పుడు మూడోవారు మధ్యలో అంతర గాంధారం (శంకరాభరణంలోని గ) పెట్టాలి. ఇక్కడే అసలు పని ఉంది. కీబోర్డు మీది గాంధారం స్వచ్ఛమైన గాంధారం కన్నా సుమారు 14 సెంట్లు ఎక్కువ, అంటే కీబోర్డు మీద పక్కపక్క స్వరాల మధ్య దూరంలో దాదాపు ఏడో వంతు. ఐదో శ్రుతిలో షడ్జమం సెకనుకు 196 కంపనాలైతే స్వచ్ఛమైన గాంధారం 245, కీబోర్డుది దాదాపు 247. తేడా చిన్నదే. కానీ పైన పుట్టే నాదాలు ఒకదాన్నొకటి కొట్టుకుని సెకనుకు ఎనిమిది దాకా అదురులు వస్తాయి. గొంతుల్లో ఆ అదురు వినిపిస్తుంది. గాంధారం పాడేవారు కళ్లు మూసుకుని వెంట్రుకవాసి కిందికి జరిగితే ఒక చోట అదురు ఆగిపోతుంది, మూడు గొంతులూ కలిసి ఒక్క నాదమైనట్టు గదంతా నిండుతుంది. బాగా శ్రుతి చేసిన తంబురాలో ఎవరూ మీటకుండానే గాంధారం వినిపిస్తుందని మా గురువులు చూపించేవారు. ఆ స్వయంభూ గాంధారమే మనకు కొలత. ట్రాక్ పెట్టుకుని పాడేటప్పుడు కీబోర్డుతో కలిసి పోవాల్సిందే, కానీ సాధన మాత్రం తంబురాతోనే చేయండి. చెవి అక్కడే తయారవుతుంది.

స్వరాల మధ్య దూరం ఊహకు అందని పిల్లలకు నేను వీణ మెట్లు చూపిస్తాను. బొబ్బిలి దగ్గర గొల్లపల్లి వీణలు మన జిల్లావే కదా. తీగ ఖాళీగా మీటితే స, నాలుగో మెట్టు అంతర గాంధారం, ఏడో మెట్టు పంచమం. కళ్లతో ఒకసారి చూశాక మళ్లీ అడగరు.

ఇప్పుడు కదిలే హార్మొనీ. మెయిన్ ఇలా పాడుతోందనుకోండి:

స రి గ ప | మ గ రి స

పై గొంతు సూత్రం 'ఒకటి విడిచి ఒకటి': స మీద గ, రి మీద మ, గ మీద ప. నాలుగో స్వరం దగ్గర ఆగాలి. ప మీద ఒకటి విడిస్తే ని వస్తుంది. కింద స, గ మోగుతుండగా పైన ని పెడితే పైషడ్జమం అంచున ఆగిపోయినట్టు ఉండి పాట తేలిపోతుంది. అక్కడ ని బదులు పై స పాడాలి. అప్పుడు పై గొంతు లైన్ ఇది:

గ మ ప పైస | ద ప మ గ

కింది గొంతుకు మొదటి స్వరం దగ్గరే ఇలాంటి మలుపుంది. స కింద ఒకటి విడిస్తే మంద్ర ద వస్తుంది, అది పెడితే పాట మొదలవడమే దిగులుగా వినిపిస్తుంది. అందుకని మంద్ర ప. ఆ తర్వాత మామూలు సూత్రమే:

కింది-ప కింది-ని స గ | రి స కింది-ని కింది-ప

బేస్ వారికి స ప స స | రి స ప స చాలు, అదీ మంద్రంలో. నాలుగు లైన్లూ విడివిడిగా నేర్చుకుని, 'స రి' రెండు స్వరాలు మాత్రమే కలిపి చూడండి. మొదటి దాంట్లో హాయి, రెండో దాంట్లో చిన్న లాగుడు వినిపిస్తాయి. కింది నిషాదానికీ పై మధ్యమానికీ మధ్య ఉన్న ఆ లాగుడు మళ్లీ షడ్జమానికి వస్తేగానీ తీరదు. అది చెవికి తెలిసిన రోజు పిల్లలు సూత్రం చూసుకోవడం మానేస్తారు.

ఒకటి విడిచి ఒకటి అన్న సూత్రం అన్ని రాగాలకూ నడవదు. మోహనం తీసుకోండి: స మీద గ బాగానే వస్తుంది, కానీ రి మీద ప, గ మీద ద, ప మీద పై స, ద మీద పై రి. ఈ నాలుగూ పెద్ద అంతరాలు, వీణ మీద అయిదేసి మెట్లు. మన జానపద బాణీలు చాలావాటిలో అయిదు స్వరాలే ఉంటాయి, అందుకే వాటికి హార్మొనీ కడితే ఆరుబయట పాడినట్టు విశాలంగా ఉంటుంది. అది దోషం కాదు, అలాగే ఉంచండి. మధ్యలో లేని మధ్యమం దూర్చి తియ్యగా చేయబోతే ఆ పాట పాడైపోతుంది. తోడి, సహాన, ఆనందభైరవి ఛాయల్లో నడిచే బాణీలకైతే హార్మొనీ ఊసెత్తకండి. ఆ రాగాల ప్రాణమంతా స్వరం ఊగడంలో ఉంది, ఊగే స్వరం మీద ఇంకో స్వరం నిలబడదు.

ఊగడం అన్నాను కాబట్టి, సంగీతం నేర్చుకుని వచ్చిన పిల్లలకు ముఖ్యమైన మాట. గమకం మెయిన్ ఒక్కరే వేయాలి. మెయిన్ గాంధారాన్ని కంపించినప్పుడు పై గొంతు కూడా తన పంచమాన్ని కంపిస్తే రెండు ఊపులు ఢీకొని అపశ్రుతిలా వినిపిస్తుంది. ఇద్దరూ శ్రుతిలోనే ఉన్నా సరే. హార్మొనీ వాళ్లు స్వరాన్ని తిన్నగా, గీత గీసినట్టు పట్టుకోవాలి. ఏళ్ల తరబడి వర్ణాలు సాధన చేసిన అమ్మాయికి గొంతు కదపకుండా పాడమంటే మొదట శిక్షలా అనిపిస్తుంది. పట్టుబడితే మాత్రం అంత స్థిరంగా పాడగలిగేది కూడా ఆ సాధన ఉన్న గొంతే.

మెయిన్‌లోకి జారిపోకుండా

హార్మొనీలో అందరికీ వచ్చే ఇబ్బంది ఇదే. ఒంటరిగా పాడితే తన లైన్ బాగానే వస్తుంది, మెయిన్ పక్కన చేరగానే నాలుగో స్వరానికల్లా మెయిన్‌తో కలిసిపోతుంది. చీపురుపల్లి నుంచి వచ్చే ఒక అబ్బాయికి నిండైన కింది గొంతు. "అక్కా, నాకు నా లైన్ వచ్చినట్టే ఉంటాది, ఆ పిల్ల ఎత్తుకోగానే ఏటీ గుర్తుండదు" అనేవాడు. వాడికి చేయించిందే మీకూ చెప్తున్నాను.

ముందు ఆ లైన్‌ను హార్మొనీ అని మర్చిపోయి సొంత పాటలా నేర్చుకోవాలి. స్వరాలతో, ఆ తర్వాత సాహిత్యంతో, ఆ తర్వాత బండి మీద వెళ్తూ కూనిరాగం తీసేంతగా. రెండోది, మెయిన్ పాడే బొబ్బిలి అమ్మాయిని గది బయట వరండాలో నిలబెట్టి మెల్లగా పాడమన్నాను. వాడు గదిలో తన లైన్. నిలిచాక అమ్మాయి గుమ్మం దగ్గరికి. అక్కడా నిలిచాక గదిలోకి, తర్వాత ఎదురుగా, చివరికి భుజం పక్కన. జారిపోయిన ప్రతిసారీ ఒక అంచె వెనక్కి. మొదట్లో వాడు చెవి మూసుకుని పాడబోయాడు, వద్దన్నాను. మూసుకుంటే తన స్వరం నిలుస్తుంది కానీ కలవడం రాదు. మెయిన్‌ని వింటూనే తన స్వరం పట్టుకోవాలి, ఆ రెండూ ఒకేసారి చేయడమే ఈ విద్య. గుమ్మం దాటి లోపలికి రావడానికే చాలా సాయంత్రాలు పట్టింది. ఒకసారి వచ్చాక వాణ్ని కదిలించడం ఎవరితరం కాలేదు. బొబ్బిలి అమ్మాయి కావాలని తప్పు స్వరం పాడినా తన మంద్ర నిషాదం దగ్గరే ఉండిపోయాడు.

గ్రూపు సాధనలో నేను తప్పకుండా పెట్టే పరీక్ష ఒకటుంది: మెయిన్‌ని కూర్చోబెట్టి మిగతావాళ్లతో పాట మొత్తం పాడించడం. బాణీ లేకుండానే పాట ఏదో పోల్చుకోగలిగితే హార్మొనీ బాగా కట్టినట్టు. అలాగే ఒక్కొక్కరి లైన్ విడిగా ఫోన్‌లో రికార్డు చేసి గ్రూపులో పెట్టుకోండి. ఇంట్లో మెయిన్ రికార్డు పెట్టుకుని దాని మీద తన లైన్ పాడటం వరండా పద్ధతికి మంచి తోడు.

తెలుగు మాట, అందరి నోటా ఒకేలా

ఇంగ్లీషు పాటల హార్మొనీ వీడియోలు చూసి నేర్చుకునేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. మన మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి, కాబట్టి నిలబెట్టే ప్రతి స్వరమూ ఒక అచ్చు మీదే నిలుస్తుంది. ముగ్గురి అచ్చు ఒకటి కాకపోతే స్వరాలు సరిగ్గా ఉన్నా గొంతులు కలవవు. విజయనగరం టౌను పిల్ల 'వచ్చాడు' అంటుంది, పల్లె నుంచి వచ్చినవాడు 'వచ్చేడు' అంటాడు. ఆ రెండూ ఒకేసారి నిలబెడితే శ్రుతి తేడాలాగే వినిపిస్తుంది. ఏది తప్పు అని వాదులాడకండి. పాట ఏ యాసలో ఉంటే ఆ యాస అందరిదీ కావాలి. శ్రీకాకుళం యాసలో రాసుకున్న పాటైతే టౌను పిల్లే నోరు మార్చుకోవాలి, మాటను శుభ్రం చేయబోతే పాట రుచి పోతుంది. నేనైతే ముగ్గురినీ ఎదురెదురుగా నిలబెట్టి నోరు చూసుకుంటూ పాడమంటాను. పెదాలు ఎంత తెరుచుకున్నాయో కళ్లకు కనిపిస్తుంది, చెవి కన్నా కన్ను ముందు పట్టుకుంటుంది.

రెండోది ద్విత్వాలు. 'చుక్క', 'అమ్మ', 'పువ్వు'. క్క దగ్గర నాదం ఒక్క క్షణం ఆగాలి, ఆ ఆగడం అందరికీ ఒక్కసారే జరగాలి. మెయిన్ చుక్‌ అని ఆగినప్పుడు వెనక గొంతు చు అని సాగుతుంటే మాట చెడిపోతుంది. కొన్ని చోట్ల నేను వెనక గొంతులకు మాటే తీసేసి 'ఊ' ఇస్తాను, మాట మెయిన్ ఒక్కరే చెప్తారు. చరణంలో అలా చేసి, పల్లవి దగ్గర అందరికీ మాటలిస్తే పల్లవి వెలుగుతుంది. ఇక సున్నా. 'అందం', 'గానం' లాంటి మాట చివర పెదాలు ఎప్పుడు మూయాలో ముందే లెక్క కట్టుకోండి. మూడో అక్షరకాలం దాకా 'న' మీద అచ్చు, నాలుగో దాని మీద పెదాలు. ఒకరు ముందు మూసేస్తే ఆ గొంతు మాయమైపోతుంది.

ఊపిరి గురించి ఒక్క మాట. 'ఊ' లాంటి పొడుగు స్వరాలు పట్టుకునే చోట అందరూ ఒకేసారి ఊపిరి తీయకూడదు, వంతులు వేసుకోండి. మాటలున్న చోట మాత్రం ఒకేసారి తీయాలి. ఈ రెండూ పాట కాగితం మీద గీత గీసి పెట్టుకోవాలి, స్టేజీ మీద గుర్తు రాదు.

స్టేజీ మీద

పైడితల్లమ్మ పండగ రోజుల్లో వీధి స్టేజీ అయినా, కాలేజీ ఫంక్షన్ అయినా, మన దగ్గర సౌండు విషయంలో ఒకటే తీరు: బాక్సులు పెద్దవి, పాడేవాళ్లకు తమ గొంతు వినిపించదు. వినిపించకపోతే హార్మొనీ లేదు. మైకుల వాళ్లతో ముందే మర్యాదగా మాట్లాడి, పాడేవాళ్ల వైపు తిరిగిన ఒక్క మానిటర్ స్పీకరైనా అడిగి పెట్టించుకోండి. దాంట్లో డ్రమ్స్ వద్దు, శ్రుతి, మెయిన్ గొంతు చాలు. స్టేజీల మీద మామూలుగా ఇచ్చే మైకులు ముందు నుంచి వచ్చే శబ్దాన్ని బాగా తీసుకుని వెనకవైపుది వదిలేస్తాయి, అందుకే మానిటర్ మైకు వెనక భాగానికి ఎదురుగా ఉండాలి. రాప్ చెప్పే కుర్రాళ్లు స్టైల్ కోసం మైకు జాలీ చుట్టూ గుప్పిట మూస్తారు. అలా మూస్తే మైకు అన్ని వైపుల శబ్దమూ లాక్కుని కూత మొదలుపెడుతుంది. చెయ్యి కర్ర మీదే ఉండాలి.

మెయిన్ మైకుకు రెండు వేళ్ల దూరం, పై గొంతు నాలుగు వేళ్లు, కింది గొంతు మళ్లీ దగ్గరగా, ఎందుకంటే కింది స్వరాలు దగ్గరైతేనే నిండుగా వస్తాయి. దూరం రెట్టింపు చేస్తే మైకుకు అందే శబ్దం సుమారు ఆరు డెసిబెల్స్ పడిపోతుంది, కాబట్టి ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అన్నది మిక్సర్ మీదకు వదలకుండా మీరే దూరంతో సరిచేసుకోవచ్చు. రెండే మైకులు దొరికితే ఒకటి మెయిన్‌కి, ఒకటి మిగతా అందరికీ మధ్యలో. ఎవరు ఎంత దూరంలో నిలబడాలో కింద సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి.

సౌండ్ చెక్‌లో మామూలుగా మెయిన్‌ను ముందు పాడిస్తారు. దాన్ని తిరగెయ్యమని అడగండి: బేస్, కింది గొంతు, పై గొంతు, అందరికన్నా చివర మెయిన్. కింది గొంతు స్పష్టంగా వినిపించేలా పెట్టుకున్నాక మెయిన్‌ను దానిపైకి తేవడం తేలిక. మెయిన్ పెట్టేశాక కింది గొంతు పెంచమంటే ఎవరూ పెంచరు.

నా పిల్లలు పాడిన ఒక పోటీలో బహుమతి ఇచ్చేటప్పుడు మెయిన్ పాడిన అమ్మాయి పేరొక్కటే చదివారు. మిగతావాళ్లను 'అండ్ టీమ్' అన్నారు. చీపురుపల్లి అబ్బాయి దిగి వచ్చి, "అక్కా, నా గొంతు ఇనిపించిందా?" అని అడిగాడు. వినిపించింది. ఆ పాట నిలబడిందే వాడి మీద. అప్పటినుంచి ఏ పోటీ ఫారమ్ నింపినా గ్రూపు పేరు గడి దగ్గర ఆగకుండా అందరి పేర్లూ, పక్కనే ఎవరి లైన్ ఏదో రాయిస్తున్నాను. యాంకర్‌కి కూడా అదే చీటీ ఇస్తాం, కింది గొంతు పేరు పైన పెట్టి. మీరూ అలాగే రాయండి.